ముందే ఇల్లు చేరిన పేరు

"ఆ చొక్కా బయటికి తియ్యి. మోచేతి దగ్గర చిరిగింది. దక్షిణం వాళ్ళు చూస్తే మనకి గతిలేదనుకుంటారు."

"నేను పోయేది శ్మశానానికి. అక్కడ నా మోచెయ్యి ఎవరు చూస్తారు?"

ఉలిపీకా చిరుగు చొక్కాని సంచిలోంచి లాగి మంచం మీద పడేసింది. దాని జాగాలో ఉన్ని స్వెట్టరు కుక్కింది. దాని పక్కన సీల్ జంతువు తోలు బూట్లు. వాటి మీద గుడ్డలో చుట్టిన ఎండు చేప, ఎండబెట్టిన జింక మాంసం, దగ్గు మందు సీసా, మాత్రల డబ్బా. జాకో ఒక్కొక్కటే తీసి మంచం మీద పెడుతున్నాడు. అతను తీసినవన్నీ ఆమె మళ్ళీ లోపల పెడుతోంది. పొద్దున్నుంచి ఇదే వరస.

"ఇంత మాంసం ఎవరికి?"

"నీకే. వాళ్ళు పెట్టే కోడి మాంసం నీకు పడదు. పోయినసారి ఆస్పత్రికి వెళ్ళినప్పుడు ఏమైంది? మూడు రోజులు రొట్టె తిని బతికావు."

"పోయినసారి చావలేదుగా."

"నోరు ముయ్యి!"

ఆ మాట ఆమె నోట్లోంచి అలవాటు కొద్దీ, తల్లి కొడుకుని కసిరినట్టే వచ్చింది. రోజూ అయితే జాకో నవ్వేవాడు. "సరేనమ్మా, ముయ్యక తప్పుతుందా" అనేవాడు. ఇవాళ నవ్వలేదు. మాత్రల డబ్బా తీసి బయట పెట్టాడు.

జాకోకి అరవై ఐదు. ఉలిపీకాకి యాభై ఆరు. రక్తం చూస్తే ఆమె అతనికి పిన్ని కూతురు, అంటే చెల్లెలు. కానీ ఉత్తరాన మంచు సముద్రం ఒడ్డునున్న ఈ పంగ్నిర్టుంగ్ ఊళ్ళో రక్తం ఒక్కటే చూడరు. పోయినవాళ్ళ పేరు పుట్టినవాళ్ళకి పెడతారు, పేరుతోపాటు వరసా వచ్చేస్తుంది. జాకో తల్లి పేరు ఉలిపీకా. ఆ పేరు ఈమెకి పెట్టారు. ఆ రోజు నుంచి ఈమె జాకోకి తల్లి. నాలుగేళ్ళ పిల్లగా ఉన్నప్పుడే, పదమూడేళ్ళ జాకోని గుమ్మంలో నిలేసి, "తడి బూట్లతో లోపలికి రావద్దని చెప్పానా లేదా?" అని గదిమేది. ఎవరూ నవ్వేవారు కాదు. వాడు తల వంచుకుని బయటికెళ్ళి బూట్లు విప్పుకొచ్చేవాడు.

యాభై ఆరేళ్ళుగా అతను పిలిచింది "అమ్మా" అనే. వారం రోజులుగా ఆ పిలుపు ఈ ఇంట్లో వినపడడం లేదు. దక్షిణం నుంచి ఉలిపీకా కూతురు లీయా పేరిట ఒక కవరు వచ్చినప్పటి నుంచి. మాట్లాడతాడు, అన్నం తింటాడు, టీ అడుగుతాడు. పిలవడం మాత్రం మానేశాడు.

ఉలిపీకా అడగలేదు. అడిగితే ఏం చెబుతాడోనని భయం.

సంచి అడుగున చేతికి ఏదో చల్లగా తగిలింది. గుడ్డ విప్పి చూసింది. ప్లాస్టిక్ సీసా నిండా నీళ్ళు.

"ఇదేమిటి? దక్షిణంలో నీళ్ళు లేవా?"

"ఉన్నాయి."

"మరి?"

"అది సముద్రంలో తేలొచ్చిన మంచుకొండ నీళ్ళు. నిన్న పడవేసుకుని పోయి కొట్టుకొచ్చాను. కరిగించాను."

"ఈ ఊపిరితిత్తులతో పడవ మీద పోయావా? నాకు చెప్పకుండా?"

"చెబితే పోనిస్తావా?"

అంటూనే దగ్గు తెర వచ్చింది. గోడ పట్టుకుని వంగిపోయాడు. ఆమె వీపు మీద చెయ్యి వేయబోయింది. అతను పక్కకి జరిగాడు. పెద్దగా ఏం కాదు, అడుగు దూరం. కానీ జరిగాడు. కోటు తగిలించుకుని, పడవ ఒడ్డుకి లాగి కట్టాలంటూ బయటికి వెళ్ళిపోయాడు.

ఆమె చెయ్యి గాల్లోనే కాసేపు ఉండిపోయింది.

•

లీయా ఆఫీసు నుంచి వచ్చేసరికి ఉలిపీకా వంటింట్లో నేల మీద అట్ట పరుచుకుని కూర్చుంది. ఎదుట సీల్ మాంసం, చేతిలో అర్ధచంద్రాకారపు కత్తి. ముక్కలు కోస్తోంది కానీ తినేవాళ్ళు ఎందరో చూసుకోవడం లేదు. అప్పటికే నలుగురికి సరిపడా కోసింది.

లీయాది ఊరి పాలక కార్యాలయంలో పని. జాకోని రేపు దక్షిణానికి తీసుకెళ్ళేది ఆమే. జాకో తల్లి సమాధి కోసం ఈ వెతుకులాటంతా మొదలుపెట్టింది కూడా ఆమే.

"టికెట్లు వచ్చాయా?"

"వచ్చాయి. ఇద్దరికీ. రానూ పోనూ."

"రావడానికీ ఉందా? సరిగ్గా చూశావా?"

"చూశానమ్మా. పదిసార్లు అడిగావు."

"పెద్ద ఉలిపీకాకీ చెప్పారు, రావడానికి ఓడ ఉందని. మంచు పట్టేలోగా తెచ్చి దింపేస్తామన్నారు."

లీయా కోటు విప్పి మేకుకి తగిలించింది. ఆ ఓడ సంగతి ఈ తీరంలో చెప్పుకోని ఇల్లు లేదు. వేసవిలో ఒకసారి వచ్చేది. అందరినీ ఎక్కించి ఛాతీకి ఎక్స్ రే తీసేవారు. క్షయ అని తేలితే ఆ మనిషిని మళ్ళీ ఒడ్డుకి దిగనిచ్చేవారు కాదు. పిల్లలకి చెప్పి రావడానికి కూడా. 1956 వేసవిలో ఏడేళ్ళ జాకో ఒడ్డున రాళ్ళ మీద నిలబడి చూస్తుండగానే అతని తల్లితో ఓడ తిరిగిపోయింది.

మూడేళ్ళుగా లీయా వెతుకుతూనే ఉంది. ఇక్కడి చర్చిలో ఉన్న ఖననాల పుస్తకంలో పెద్ద ఉలిపీకా లేదు. చలికాలాల్లో పోలీసులు కుక్కబండ్ల మీద వేట గుడారాలకి వచ్చి రాసుకున్న జనాభా లెక్కల్లో ఒక ఏడాది ఉంది. ఆ తర్వాత లెక్కలో ఆమె నంబరు మీద గీత కొట్టారు. ఆ రోజుల్లో ఇంటిపేర్లు లేవని మనవాళ్ళ మెడలో నంబరు బిళ్ళ కట్టేవారు. ఆమె పేరుని నలుగురు నాలుగు రకాలుగా రాశారు. నంబరు మాత్రం ఎక్కడా మారలేదు. దాన్ని పట్టుకునే లీయా ఆస్పత్రి ఊరి శ్మశానం దాకా జాడ తీయగలిగింది. అక్కడివాళ్ళు పెద్ద ఉలిపీకాని రెబెకా అనేవారు. పలకడం తేలికని.

సమాధి దొరికిందని కబురు వచ్చిన రోజు ఈ ఇంట్లో అందరూ ఏడ్చారు. ఆ తర్వాతే కవరు వచ్చింది. దాని గురించి లీయా తల్లికి ఒక్క ముక్క చెప్పలేదు.

"అక్కడ రాయి ఉందా?" అంది ఉలిపీకా.

"లేదు. గడ్డి. ఈమధ్యనే ఒక పెద్ద పలక పెట్టారు. మనవాళ్ళ పేర్లన్నీ కలిపి."

"పేరు పక్కన సంవత్సరం ఉంటుందిగా."

లీయా కెటిల్ వైపు చూసింది. "టీ పెట్టనా?"

"నేను టీ అడగలేదు."

"అమ్మా, రేపు ప్రయాణం పెట్టుకుని ఇప్పుడెందుకు..."

"నేను పుట్టిన చలికాలానికి ముందా? తర్వాతా?"

కత్తి ఆగింది. బయట ఎవరిదో నాలుగు చక్రాల బండి రొదగా వెళ్ళిపోయింది.

"తర్వాత."

"ఎంత తర్వాత?"

"నువ్వు నడవడం, మాట్లాడడం, మామయ్యని తిట్టడం అన్నీ నేర్చుకున్నాక. 1963 మార్చి."

ఉలిపీకా మాంసం ముక్కని అటు తిప్పింది. ఇటు తిప్పింది. ఎక్కడ కోయాలో తెలియనిదానిలా చూసింది.

"మా అమ్మకి కల వచ్చింది," అంది చివరికి. "నేను కడుపులో ఉండగా. అక్క వచ్చి గుడారం గుమ్మంలో నిలబడి తాగడానికి నీళ్ళు అడిగిందట. పోయినవాళ్ళు కలలో వచ్చి నీళ్ళడిగితే మళ్ళీ మన మధ్యకి వస్తామని అర్థం. అందుకే నాకు ఆ పేరు పెట్టింది. అప్పటికి రెండు వేసవులు ఓడ వచ్చి వెళ్ళింది. ఒక్క కబురు లేదు. పోయిందనుకున్నారు. ఎవరైనా అదే అనుకుంటారు."

"ఎవరైనా అదే అనుకుంటారమ్మా."

"పోలేదన్నమాట. ఆ మంచం మీద జ్వరంతో పడుకుని నిజంగానే నీళ్ళు అడుగుతోందన్నమాట."

లీయా వచ్చి ఎదురుగా నేల మీద కూర్చుంది. తల్లి చేతిలోంచి కత్తి మెల్లగా తీసి పక్కన పెట్టింది.

"నువ్వేం చేశావు? పసిగుడ్డువి."

"నన్ను ఎవరడిగారు, పసిగుడ్డుని? కట్టబెట్టారు." కూతురి ముఖంలోకి చూసింది. "ఇంకా ఏదో ఉంది. నీ మొహం దాచడం చేతకాని మొహం. చిన్నప్పుడు చక్కెర దొంగిలించినా ఇలాగే ఉండేది. చెప్పు."

"మామయ్య చెప్పొద్దన్నాడు."

"వాడెవడు చెప్పొద్దనడానికి? వాడి తల్లిని నేను!"

అనేసి, తనే ఉలిక్కిపడింది.

లీయా లోపలి గదిలోంచి కవరు తెచ్చింది. ఆ ఊరి పత్రికలో పాతకాలం మరణవార్త. గ్రంథాలయం వాళ్ళు నకలు తీసి పంపారు. నాలుగు వేళ్ళ పొడవు. ఇంగ్లీషులో ఉన్నదాన్ని లీయా తమ మాటలో నెమ్మదిగా చెప్పసాగింది.

"'రెబెకా. ఉత్తరాది స్త్రీ. ఆస్పత్రి లాండ్రీలో పనిచేసేది. ఇంటికి వెళ్ళవచ్చని డాక్టర్లు రెండు వేసవులు చెప్పినా వెళ్ళలేదు. తన ప్రాంతం నుంచి కొత్తగా వచ్చిన రోగి ఒకామె, ఇంట్లో పుట్టిన పాపకి నీ పేరు పెట్టారని చెప్పింది. అప్పటి నుంచి రెబెకా ఇంటి మాట ఎత్తితే, నేను ఎప్పుడో ఇంటికి వెళ్ళిపోయాను, ఇక్కడ మిగిలినవి పనిచేసే చేతులే అనేదని తోటివారు చెప్పారు. దుప్పట్లు మడతపెట్టడంలో ఆమెకి సాటి లేరు.'"

"దుప్పట్లా?"

"అలాగే రాశారు."

"ఇంకా?"

"'ఆమెకి ఉత్తరాన కుమారుడు జాకో, చిన్నారి రెబెకా ఉన్నారు.' అంతే."

ఉలిపీకా ఆ కాగితం తీసుకుని నేల మీద పెట్టింది. ఇలాంటప్పుడు ఏడుపు వస్తే మనిషికి మేలు. రాలేదు.

జబ్బు తగ్గింది. ఓడ ఉంది. టికెట్టూ ఉంది. ఆమె ఎక్కలేదు. పేరు ఇంకొకరికి వెళ్ళిపోతే ఆ మనిషి పోయినట్టే. తను గుమ్మంలో కనపడితే ఇంట్లో ఉన్న పిల్ల ఎవరవుతుంది? ఆ పిల్లకి ఏమవుతుంది? ఆమె ఆలోచన ఉలిపీకాకి ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. తను ఆ స్థానంలో ఉన్నా అలాగే అనుకునేది. దుప్పట్లు మడతపెట్టుకుంటూ ఉండిపోయేది.

"నాకోసం ఆగిపోయింది," అంది. "నన్ను చూడనైనా లేదు. నాకోసం ఆగిపోయింది."

•

జాకో వచ్చేసరికి చీకటి పడుతోంది. బూట్లు గుమ్మంలో విప్పి లోపలికి వచ్చాడు. నేల మీద కాగితం చూశాడు, లీయాని చూశాడు.

"చెప్పేశావా?"

"అడిగింది మామయ్యా."

"అడిగితే చెప్పేస్తావా? నీకో రహస్యం ఇవ్వడం కంటే రేడియోలో చదివించడం నయం."

"దాన్నేం అనకు," అంది ఉలిపీకా. "నాతో మాట్లాడు. వారం నుంచి ఇంట్లో దొంగలా తిరుగుతున్నావు. నన్నెందుకు పిలవడం లేదు?"

జాకో కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. దగ్గు ఆపుకుంటూ చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు.

"పిలవకపోవడం నీమీద కోపంతో కాదు."

"మరి దేనితో?"

"ఆవిడ బతికుండగా, దుప్పట్లు ఉతుకుతుండగా, నేను ఇక్కడ ఇంకొకరిని అమ్మా అంటూ తిరిగాను. ఐదేళ్ళు. బొద్దుగా, చీమిడి ముక్కుతో ఉండే ఒక పిల్లని."

"చీమిడి ముక్కు నీదిరా."

లీయా నవ్వబోయి ఆపుకుంది. జాకో పెదవి కూడా కొద్దిగా కదిలింది. అంతలోనే సర్దుకుంది.

"ఆ మాట ఆవిడది," అన్నాడు. "అక్కడిదాకా పట్టుకుపోవాలి. అక్కడ నిలబడి, ఆవిణ్ణి పిలవాలి. ఆ నీళ్ళు పొయ్యాలి. అప్పటిదాకా ఆ మాట ఇంకెవరికీ ఇవ్వలేను. దారిలో ఖర్చు పెట్టుకోలేను. నీకు అర్థం కావాలి ఉలిపీకా."

ఉలిపీకా. పేరు పెట్టి పిలిచాడు. యాభై ఆరేళ్ళలో మొదటిసారి.

ఎవరైనా చెంప మీద కొట్టినా ఆమె అంత వెనక్కి తగ్గేది కాదు.

"ఇప్పుడు నేను ఎవర్ని?" అంది. "ఆమె పేరు నాదగ్గరుంది. ఆమె వరస నాదగ్గరుంది. నువ్వు అది తీసేసుకుంటే నాకేం మిగులుతుంది? నన్ను కన్న గీలాకి కూతురినా? గీలా నన్ను ఒక్కరోజు కూతురా అని పిలవలేదు. అక్కా అనే పిలిచింది, చచ్చేదాకా."

"తీసేసుకోవడం కాదంటున్నాను. నువ్వూ రా. రేపు కాకపోతే ఎల్లుండి విమానానికి రా. ఇద్దరం నిలబడదాం."

"నా సమాధి నేనే చూసుకోవాలా?"

"అది నీది కాదు!"

ఆ అరుపుకి దగ్గు ముంచుకొచ్చింది. ఈసారి ఆగలేదు. లీయా నీళ్ళు తెచ్చింది. అతను గుక్క తాగి, కళ్ళు తుడుచుకుని, అదే మాట మళ్ళీ నెమ్మదిగా అన్నాడు.

"అది నీది కాదు. ఆవిడది. నేను ఎవరి కొడుకునో ఒక్కసారి నేను చూడాలి."

ఇంతకాలం వాడికి బూట్లు కుట్టింది, వాడి పెళ్ళికి ముందు పిల్లని చూసింది, వాడి భార్య పోయినప్పుడు వాణ్ణి ఇంటికి తెచ్చి మంచం ఇచ్చింది. అదంతా ఆ ఒక్క మాటతో పక్కకి జరిగినట్టు ఉలిపీకాకి తోచింది. దెబ్బ తగిలిన మనిషి నోటికి ఏది దొరికితే అది తీసి విసురుతుంది. ఆమెకి దొరికింది ఇది:

"అయితే వెళ్ళు. వెళ్ళి మీ అమ్మ దగ్గరే ఉండిపో."

జాకో తలెత్తి చూశాడు. కోపంగా కాదు. ఆమె చిన్నప్పుడు గదిమితే ఎలా చూసేవాడో అలా చూశాడు, విని గుర్తుపెట్టుకునేవాడిలా.

"సరే," అన్నాడు.

లీయా ఇద్దరి వైపూ చూసింది. ఎవరో ఒకరు ఏదైనా అంటారని ఎదురుచూసింది. జాకో లేచి మంచం దగ్గరికెళ్ళి సంచి జిప్పు లాగాడు. అది మాంసం గుడ్డకి పట్టుకుంటే, ఓపిగ్గా విడదీసి మళ్ళీ లాగాడు. ఉలిపీకా కోసిన మాంసాన్ని గిన్నెలోకి ఎత్తి, ఎవరినీ పిలవకుండా బల్ల మీద పెట్టింది. ముగ్గురూ తలో మూల కూర్చుని తిన్నారు.

•

పొద్దున గాలి తక్కువగా ఉంది. విమానం వస్తుందనే చెప్పారు. రాకూడదని ఉలిపీకా మనసులో ఎన్నిసార్లు అనుకుందో ఆమెకే తెలియదు. ఈ లోయలో పొగమంచు దిగితే వారం రోజులు విమానం రాని సందర్భాలు ఉన్నాయి. ఇవాళ ఆకాశం కడిగినట్టు ఉంది.

విమానం దిగే మట్టిదారి ఊరి మధ్యలోనే. అందరూ నడిచే వచ్చారు. ముసలివాళ్ళు ఒక్కొక్కరే వచ్చి జాకో చెయ్యి పట్టుకుని వదిలారు. ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. ఒకామె పెరట్లోంచి తెచ్చిన చిన్న రాయిని అతని జేబులో వేసింది.

"మా నాన్న కూడా అక్కడే ఉన్నాడట," అంది. "పలక మీద ఎక్కడో. కనపడితే ఇది పెట్టు."

"పేరు చెప్పు వదినా."

ఆమె చెప్పింది. జాకో మూడుసార్లు పలికి నోట్లో నిలుపుకున్నాడు.

ఉలిపీకా కాస్త ఎడంగా నిలబడింది. రాత్రంతా ఒక వాక్యం తయారుచేసుకుంది: నిన్న అన్న మాట పట్టించుకోకురా, పని చూసుకుని వచ్చెయ్యి. చిన్న వాక్యమే. నోటిదాకా వచ్చింది. అంతలో లీయా వచ్చి మాత్రల డబ్బా పై సంచిలో ఉందా, కింది సంచిలో ఉందా అని అడిగింది. కింది సంచిలోనే ఉందని, పైదాంట్లోకి మార్చమని ఉలిపీకా చెప్పింది. వాళ్ళు సంచి విప్పి, మళ్ళీ కట్టేసరికి విమానం మనిషి తలుపు దగ్గర చెయ్యి ఊపుతున్నాడు.

జాకో ఆమె దగ్గరికి వచ్చాడు. వంగి, చిన్నపిల్లలకి చేసినట్టు, ముక్కు ఆమె చెంపకి ఆనించి ఊపిరి లోపలికి పీల్చాడు. తల్లులు బిడ్డలకి చేసేది అది. అతను ఆమెకి ఎప్పుడూ చెయ్యలేదు.

"పిలువు," అంది ఆమె. "ఒక్కసారి. వెళ్ళేముందు."

జాకో నోరు తెరిచాడు. విమానం ఇంజన్ల చప్పుడులో ఏదో అన్నాడో, అనలేదో. పెదవులు కదిలాయి. చప్పుడు ముందుకొచ్చి అంతా మింగేసింది.

"ఏమిటి? ఏమన్నావు?"

అతను అప్పటికే మెట్ల వైపు తిరిగాడు. లీయా అతని మోచెయ్యి పట్టుకుని ఎక్కించింది. పై మెట్టు మీద దగ్గడానికి ఆగాడు. అందరూ చెయ్యి ఊపుతున్నారని వెనక్కి తిరగకుండానే ఒక చెయ్యి ఎత్తి లోపలికి వెళ్ళాడు. తలుపు మూసుకుంది.

విమానం సముద్రం మీదుగా మలుపు తిరిగి కొండ అవతలికి పోయేదాకా ఉలిపీకా అక్కడే ఉంది. తర్వాత కూడా ఉంది. రాయి ఇచ్చినామె వచ్చి, "పద, టీ తాగుదాం. పది రోజుల్లో వచ్చేస్తారు" అంది.

"వస్తాడంటావా?"

"రాక ఎక్కడికి పోతాడు? నువ్వు తిట్టకపోతే వాడికి తోచదు."

పది రోజుల తర్వాత లీయా తిరిగి వచ్చింది. విమానంలోంచి ఒక్కతే దిగింది. జాకో తిరిగి రాలేదు, తల్లి పక్కన ఆ గడ్డి కిందే ఉండిపోయాడు. ఆమె దిగిన రోజు 2014 అక్టోబరు రెండో తేదీ, గురువారం.